ఆపడం తెలిసిన సుసన్నక్క

“ఆపితే చచ్చిపోతుందేమో అక్కా!”

“ఏది? ప్రోగ్రామా, లోపలున్న కాయా, నువ్వా?”

వినీలకు నవ్వు రాలేదు. లాప్‌టాప్ ముందు కూర్చున్న సుసన్న మాత్రం తన మాటకు తనే నవ్వుకుని, జారుతున్న కళ్లజోడు పైకి తోసుకుంది. యాభై రెండేళ్ల మనిషి. భుజాన పాత రెగ్జిన్ సంచి, అందులో టెస్టరు, ఇన్సులేషన్ టేపు, స్టీలు క్యారియరు. పొద్దున్నే నూజివీడులో బస్సెక్కి రెడ్డిగూడెంలో దిగి, రోడ్డు పక్కనున్న ఈ షెడ్డు దాకా నడిచి వచ్చింది.

షెడ్డులో ఒక చివర మామిడికాయ మాగబెట్టే గది ఉంది. మందపాటి తలుపు, చుట్టూ రబ్బరు పట్టీ. లోపల పద్నాలుగు తోటల బంగినపల్లి కాయ, ప్లాస్టిక్ ట్రేల్లో కప్పు దాకా. బయట గోడకున్న ప్యానెల్లో అరచేయంత కంప్యూటరు. అందులో వినీల రాసిన ప్రోగ్రాం. ఎంత చల్లగా ఉంచాలి, మాగించే గ్యాసు ఎప్పుడు వదలాలి, లోపలి పాడుగాలిని తోసే ఫ్యాను ఎప్పుడు తిరగాలి, అన్నీ అదే చూసుకోవాలి.

చూసుకోవడం లేదు. అదీ బాధ.

కిందటి రెండు విడతల కాయ చెడింది. పైకి పసుపు తిరిగింది కానీ, కోస్తే లోపల తెల్లగా, పుల్లగా, నోట్లో పెట్టుకోలేని వాసన. ఫ్యాను తిరగాల్సిన వేళకు తిరగలేదు. కాయ మాగుతూ వదిలిన బొగ్గుపులుసు గాలి గదిలోనే నిలబడిపోయింది. రైతుల సంఘం కూర్చుని ఒకే మాట అనుకుంది: మూడో విడత కూడా ఇలాగే అయితే గదికి తాళం వేసి, మళ్లీ కార్బైడ్ పొట్లాలకే పోదాం. ఒంటికి చేటని ఆ పొట్లాలకు నిషేధం ఉందని అందరికీ తెలుసు. అవి ఎక్కడ దొరుకుతాయో కూడా అందరికీ తెలుసు.

వినీలకు ఎనిమిది నెలల కూతురుంది. పేరు షాలోమి. పండ్ల గుజ్జు మొదలుపెట్టొచ్చని డాక్టరు అన్నప్పటి నుంచి ఆమెకు ఒకటే ఆలోచన. మామిడి పుట్టిన నేల మీద పుట్టిన పిల్లకు మామిడిపండు పెట్టాలంటే భయపడాలా? ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివింది. భర్త శ్యామ్ సుందర్‌ది జి. కొండూరులో టీచరు ఉద్యోగం. కాన్పయ్యాక ఇంట్లో ఉంటూ, ఈ గదికి ప్రోగ్రాం రాసిపెడతానని తనే ముందుకొచ్చింది. ఇప్పుడు ఆ గదే ఆమె పేరు మీద మూతపడేలా ఉంది.

పదకొండు రోజులు తంటాలు పడింది. ప్రోగ్రాం నిండా “ఇక్కడికొచ్చాను” అని రాసిపెట్టే లైన్లు చేర్చింది. ఖాళీ గదిలో ఒక్కో అడుగూ నడిపించి చూసింది. తలుపు ముప్ఫైసార్లు తీసి ధడేల్‌మని వేసింది. ఏమీ దొరకలేదు. తను చూస్తున్నంతసేపూ ఫ్యాను బుద్ధిగా తిరిగేది. కాయ పోసి ఇంటికి వెళ్లాకే ఎప్పుడో మానేసేది.

చివరికి గుర్తొచ్చింది సుసన్నక్క.

* * *

సుసన్న పుట్టింది రెడ్డిగూడెంలోనే. నాన్న చిన్నరాయప్ప చెట్టెక్కి, చివర వలసంచి కట్టిన గెడతో కాయ కోసేవాడు. అమ్మ ఇన్నమ్మ నూజివీడు కాయల యార్డులో రాశి ముందు కూర్చుని పెద్దది, చిన్నది, మచ్చది వేరుచేసేది. సుసన్న ఐ.టి.ఐ. చదివి, ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో సహాయకురాలిగా చేరింది. సిస్టములు ఆన్ చేయడం, దుమ్ము తుడవడం, సాయంత్రం తాళం వేయడం. కాగితం మీద ఆమె పని అంతే. ఇరవై రెండేళ్లు అదే చేసింది. పిల్లలు పాఠాలు వింటుంటే వెనక నిలబడి తనూ విన్నది. వాళ్లు వెళ్లాక తీరిగ్గా చేసి చూసుకుంది. ల్యాబులో లెక్చరర్లు సార్లూ మేడములూ అయితే, సుసన్న ఒక్కతే అందరికీ అక్క.

వినీల ఎమ్మెస్సీ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం ఒక లెక్క పెట్టింది. మూడు రోజులు నడిచే లెక్క. మూడో రోజు మధ్యాహ్నం అది ఒకే చోట గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. అంతవరకు వచ్చిన ఫలితాలను మధ్యమధ్యలో దాచుకోవాలన్న ఆలోచన వినీలకు రాలేదు. అంతా ప్రోగ్రాం కడుపులోనే ఉంది. “కిల్ చేసి మళ్లీ మొదలుపెట్టు” అన్నారు సార్. మర్నాడే పరీక్ష. వినీల బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే, తుడుపు గుడ్డ పక్కన పెట్టి సుసన్న వచ్చింది.

“చంపొద్దు సార్, ఒక్క నిమిషం ఉండండి” అంది.

నడుస్తున్న ప్రోగ్రాంకు, తప్పు వెతికే డీబగ్గర్ అనే ఇంకో ప్రోగ్రాంను తగిలించింది. ప్రోగ్రాం ఉన్నచోట ఉన్నట్టే ఆగింది. ఎక్కడ తిరుగుతోందో చూసింది. ఆ గింగిరాలు ముగియడానికి ఏ అంకె ఎంత కావాలో వినీలనే అడిగింది. మెమరీలో ఆ అంకెను చేత్తో మార్చి, “ఊఁ, పో” అని వదిలేసింది. ప్రోగ్రాం గింగిరాల్లోంచి బయటపడి, మూడు రోజుల ఫలితాలనూ ఫైల్లో రాసి, ఏమీ ఎరగనట్టు ముగిసింది. సుసన్న మళ్లీ గుడ్డ తీసుకుని మిగిలిన కీబోర్డులు తుడుచుకుంది.

ఆ ఉద్యోగం అయిపోయాక ఇప్పుడు నూజివీడు బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని, మోటారు స్టార్టర్లూ, కాటాలూ, మిల్లు ప్యానెళ్లూ బాగుచేస్తోంది. గది ముందు చిన్న రేకు బోర్డు. దాని మీద “ముందు అడగండి, తర్వాత విప్పుదాం” అని ఉంటుంది.

అంత నమ్మకం ఉన్నా ఇవాళ వినీలకు భయంగానే ఉంది. ఆరోజు పోతే తన లెక్క పోయేది. ఇవాళ పోతే పద్నాలుగు తోటల కాయ.

* * *

“ఆపడం వేరు, చంపడం వేరమ్మా” అంది సుసన్న. “ఆగినప్పుడు దాని అంకెలన్నీ దాని దగ్గరే ఉంటాయి. నిద్రపోయినట్టు. కానీ మనం ప్రోగ్రాంని ఆపాం కదా అని కాయ మాగడం ఆగదు. గడియారం ఆగదు. అది చూసుకోవాలి ముందు. బసవమ్మ గారూ, ఈ ఫ్యాను చేత్తో వేసే స్విచ్చేదండీ?”

బసవమ్మ సంఘం పెద్ద కొండయ్య భార్య. పక్క గదిలో షాలోమికి చీరతో ఉయ్యాల కట్టి ఊపుతోంది. లేచి వచ్చి ప్యానెల్ పక్కన ఎర్ర మీటను చూపించింది.

“నేను చెప్పినప్పుడు పైకి, చెప్పినప్పుడు కిందికి. ఆపరేషన్ చేసేటప్పుడు ఊపిరి పెట్టే నర్సుంటుందే, అలా అన్నమాట మీరు.”

“అయితే నాకు తెల్లకోటు కుట్టించాలి” అంది బసవమ్మ.

మీట పైకి వెళ్లింది. గోడవతల ఫ్యాను బుర్రుమంది. సుసన్న ప్రోగ్రాం నంబరు చూసి డీబగ్గర్‌ను తగిలించింది. తెరమీద లైన్లు ఆగాయి. ఏమీ కాలేదు. ప్రోగ్రాం మధ్యలో కాలెత్తిన మనిషిలా నిలబడి ఉంది.

“మనం ఆపలేదు తెలుసా” అంది సుసన్న. “డీబగ్గర్ కూడా మామూలు ప్రోగ్రామే. పక్కవాడి మీద చెయ్యి వెయ్యడానికి దానికి హక్కు లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది, ఫలానా వాణ్ని నాకు అప్పగించు అని. ఆపేదీ అదే, వదిలేదీ అదే. ఆ ప్రోగ్రాం ఎప్పుడాగినా డీబగ్గర్‌కి కబురు చెప్పేదీ అదే.”

“బ్రేక్‌పాయింట్ పెట్టినప్పుడు? నేను రోజూ పెట్టాను కానీ లోపల ఏం జరుగుతుందో ఆలోచించలేదక్కా. ప్రతి లైనుకీ డీబగ్గర్ వచ్చి చూస్తుందా, ఇక్కడ ఆపాలా అని?”

“అలా చూస్తే సాయంత్రానికి ఒక కాయ మాగుద్ది.” సుసన్న కుర్చీ వెనక్కి జరిపింది. “మా అమ్మ సంగతి చెప్తా విను. యార్డులో కూర్చుంటే చేతులు వాటంతటవే పోయేవి. ఎడమ చేత్తో కాయ తియ్యడం, కుడిచేత్తో విసరడం. చూసేది కాదు. నోరేమో పక్కావిడతో. నాకప్పుడు ఏడేళ్లు. ఒకరోజు రాశిలోంచి ఒక కాయ తీసి దాచి, ఆ చోట ఇటుక ముక్క పెట్టా. అమ్మ చెయ్యి దాని మీద పడిందో లేదో అక్కడే ఆగిపోయింది. మాట కూడా ఆగిపోయింది. మేస్త్రీ ‘ఏంటి ఇన్నమ్మా’ అని వచ్చాడు. బ్రేక్‌పాయింట్ అంటే అదే.”

వినీలకు అర్థమైంది. ప్రోగ్రాంలో ఆపాలనుకున్న చోట అసలు ఆదేశాన్ని తీసి దాచి, దాని స్థానంలో “ఆగు” అనే ఆదేశం పెడతారు. ప్రాసెసర్ ఎప్పటి వేగంతోనే వస్తుంది. మధ్యలో ఎవరూ దాన్ని పరీక్షించరు. ఇటుక ముక్క చేతికి తగిలినప్పుడే ఆగుతుంది. అప్పుడు మేస్త్రీకి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి, తెలుస్తుంది.

“మరి ముందుకెళ్లాలంటే?”

“దాచిన కాయ తెచ్చి ఆ చోటే పెట్టాలి. ఆ ఒక్క కాయా అమ్మ చేతిలోంచి పోనివ్వాలి. మళ్లీ ఇటుక పెట్టుకోవాలి. అప్పుడు వదలాలి. నేను కాయ తిరిగి పెట్టకుండా పారిపోయాను కాబట్టి దెబ్బలు తిన్నా.” సుసన్న వీపు తడుముకుంది. “తీసినదాన్ని తీసినచోటే పెట్టాలి. ఈ పనిలో మర్యాదంతా అదే.”

ఉయ్యాల గదిలోంచి చిన్న అలికిడి వినిపించింది. వినీల చటుక్కున లేచి వెళ్లింది. షాలోమి నిద్రలో పెదవులు కదిలించింది, అంతే. వినీల వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది. ఆ వేలు తగిలి పిల్ల ఉలిక్కిపడి లేచి రాగం అందుకుంది.

“నిద్రపోతున్న పిల్లని నిద్రపోతోందా అని లేపి అడుగుద్ది ఈ అమ్మాయి” అంది బసవమ్మ. “పొద్దున్నుంచీ ఇది నాలుగోసారి.”

సుసన్న అటు ఒకసారి చూసి, మళ్లీ తెర వైపు తిరిగింది.

* * *

పిల్లను మళ్లీ నిద్రపుచ్చి వచ్చేసరికి సుసన్న ప్రోగ్రామంతా చదివేసింది. ఒకచోట వేలు పెట్టి ఉంచింది.

“ఫ్యాను ఎప్పుడు తిరగదు?”

“తలుపు తెరిచుంటే తిరగదక్కా. తెరిచినప్పుడు గాలి ఎటూ మారుతుంది కదా, కరెంటు దండగ అని. రెండు తలుపులు. ముందుదీ వెనకదీ. ఎన్ని తెరిచున్నాయో ఒక అంకె పెట్టుకున్నాను. తీస్తే ఒకటి కలుపుతుంది, వేస్తే ఒకటి తీసేస్తుంది. సున్నా అయితే రెండూ మూసి ఉన్నట్టు.”

“వెనక తలుపు?”

“కాయ ఎక్కించేటప్పుడే. ఇప్పుడు తాళం వేసుంది.”

“అంటే ఈ అంకె సున్నా ఉండొచ్చు. ఒకటి ఉండొచ్చు. రెండు అయ్యే పనే లేదు.”

“లేదు.”

“అయితే ఈ ప్రోగ్రాం ఏ దారిన పోతుందో మనకెందుకు? ఈ అంకె దగ్గర కాపు పెడదాం.” సుసన్న చేతులు కీబోర్డు మీదికి వెళ్లాయి. “ఇది వాచ్‌పాయింట్. ఇక్కడ ఇటుక పెట్టడానికి లేదు, ఇది ఆదేశం కాదు, అంకె ఉండే చోటు. దీనికి ప్రాసెసర్‌లోనే నాలుగైదు కాపలా గదులుంటాయి. ఫలానా చోట ఎవరైనా రాస్తే చెప్పమని అందులో రాసిపెడతాం. రాసిన ప్రతిసారీ క్షణం ఆగుద్ది, డీబగ్గర్ చూసుకుంటుంది, రెండు కాకపోతే దానంతటదే వదిలేస్తుంది. రెండైతే గంట కొట్టి మనల్ని పిలుస్తుంది.”

“మరి అంతవరకు?”

“అంతవరకు అన్నం తిందాం. బసవమ్మ గారూ, మీట కిందికి!”

మీట దిగింది. ప్రోగ్రాం వదిలారు. గోడవతల ఫ్యాను క్షణం ఆగి, వేళ చూసుకుని, తనంతట తానే తిరగడం మొదలుపెట్టింది.

ముద్దపప్పు, కొత్తావకాయ, సుసన్న క్యారియర్లోని గోంగూర పచ్చడి. తినేటప్పుడు కూడా వినీల కళ్లు తెరమీదే ఉన్నాయి. తెర మీద కదలిక లేదు.

“అక్కా, డీబగ్గర్ ఇప్పుడు ఏం చేస్తోంది?”

“నిద్రపోతోంది.”

“మధ్యమధ్యలో లేచి చూడదా?”

“ఎందుకు చూడాలి? ఎప్పుడు లేపాలో చెప్పి పడుకుంది. లేపేవాడు నమ్మకస్తుడు.” సుసన్న చెయ్యి కడుక్కుని, చాప పరిచి, రెగ్జిన్ సంచి తలకింద పెట్టుకుంది. రెండు నిమిషాల్లో సన్నగా గురక.

వినీల నోరు తెరిచి చూసింది. పద్నాలుగు తోటల కాయను చేతుల్లో పెడితే ఈవిడ పడుకుందేంటి! పోనీ తనైనా ఒక్కో అడుగూ నడిపించి చూద్దామా అని కీబోర్డు దాకా చెయ్యి చాపింది. కళ్లు మూసుకునే సుసన్న అంది:

“ముట్టుకోకు. పదకొండు రోజులు నువ్వు దాని వెంటే నడిచావ్. నువ్వు పక్కనుంటే అది తప్పు చెయ్యడం లేదు. ఒంటరిగా వదిలితేనే చేస్తుంది. వదులు.”

రెండున్నర అయింది. ఎండ రేకుల మీద చిటపటలాడుతోంది. బసవమ్మ ఉయ్యాల పక్కనే కునుకు తీసింది. రోడ్డు మీద ఆటో కూడా లేదు. వినీల ఒకసారి తెరను, ఒకసారి ఉయ్యాలను చూస్తూ, రెండింటి మధ్యా గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

రెండూ నలభైకి లాప్‌టాప్ టింగుమంది.

“అక్కా! రెండు! రెండైంది!”

సుసన్న లేస్తూనే “ముందు ఫ్యాను” అంది. బసవమ్మ కళ్లు నులుముకుంటూనే మీట ఎత్తింది. వినీల తెరమీదికి వంగింది. సుసన్న ఆమె భుజం పట్టుకుని వెనక్కి తిప్పింది.

“తెర ఎక్కడికీ పోదు, ఆగే ఉంది. మనిషి పోతాడు. తలుపు దగ్గరికి పద.”

చెప్పులు లేకుండా వెళ్లారు. గది ముందు కొండయ్య ఉన్నాడు. డెబ్బైకి దగ్గరపడిన సంఘం పెద్ద, ఈ గది కట్టించడానికి ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించిన మనిషి. చేతిలో ఒక కాయ. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, భుజంతో ఆ బరువైన తలుపును వెంట్రుకవాసి చొప్పున మూస్తున్నాడు. ఎక్కడా చప్పుడు రాకుండా, పళ్లు బిగించి మరీ.

“కొండయ్య గారూ!” అంది వినీల.

ఆయన కాయ పంచెలో దాచబోయి, ఆగి, నవ్వబోయి, అదీ కుదరక నిలబడిపోయాడు.

“తీయనని ఒట్టేశారుగా, ఆరోజు మీటింగులో” అంది బసవమ్మ వెనకనుంచి.

“తీయలేదే. కాస్త… సందు చేశానంతే.” కొండయ్య గొంతు తగ్గింది. “యాభై ఏళ్లు వరిగడ్డిలో మాగేశానమ్మా. రోజూ మధ్యాహ్నం చెయ్యి దూర్చి చూసేవాణ్ని, వేడెలా ఉందో, వాసనెలా ఉందో. ఇప్పుడు ఇనప తలుపేసి నన్ను బయట నిలబెడితే, లోపల ఏమవుతుందో అని గుండె కొట్టుకుంటుంది. మీరంతా పడుకున్నాక ఒక్క కాయ చూసి, మీకు తెలీకుండా మెల్లగా వేస్తున్నా. అంతే తల్లీ. మొదటిసారీ, రెండోసారీ ఇంతే. నా వల్లే చెడిందా?”

వినీలకు ఒళ్లు మండింది. పదకొండు రోజులు. రెండు విడతల కాయ. నోటిదాకా వచ్చిన మాటను సుసన్న బయటికి రానివ్వలేదు.

“మీ వల్ల కాదండీ” అంది సుసన్న. “మనకి కావలసింది మనిషి కాదు, లైను. అది దొరికింది. మీరొకసారి మళ్లీ అలాగే వేస్తారా? అంతే మెల్లగా.”

“మళ్లీనా?”

“మా పెళ్లైన కొత్తలో కూడా ఇంత సుతారంగా తలుపెయ్యలేదు ఈయన” అంది బసవమ్మ.

కొండయ్య తలుపు తీసి, వెంట్రుకవాసిగా మూశాడు. సుసన్న తలుపు అంచున ఉన్న అయస్కాంతం స్విచ్చు మీద చెవి పెట్టి విని, వినీలనూ రమ్మంది. సన్నగా వినిపించింది. టిక్, టిక్‌టిక్, టిక్. తలుపు అంచుకు వచ్చి ఇంకా పూర్తిగా పడని ఆ కాస్త దూరంలో స్విచ్చు ఎటూ తేల్చుకోలేక కొట్టుకుంటోంది.

తెర దగ్గరికి వెళ్లాక మిగతాది కనిపించింది. ఆగిన ప్రోగ్రాం తను ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పింది. తలుపు తెరిచారన్న కబురు రెండుసార్లు వెంటవెంటనే అందింది. మధ్యలో రావాల్సిన “మూశారు” అన్న కబురు, అంత వేగంలో తప్పిపోయింది. ఒకటి కలిపి, మళ్లీ ఒకటి కలిపింది. తలుపు నిజంగా పడ్డాక తీసేసేది ఒక్కటే. మిగిలిన ఒకటి అలాగే ఉండిపోతుంది. తలుపు మూసే ఉంటుంది, ప్రోగ్రాం మాత్రం తెరిచే ఉందనుకుంటుంది. ఫ్యాను తిరగదు.

“నేను ముప్ఫైసార్లు వేసి చూశానక్కా.”

“ఎలా వేశావ్?”

“ధడేల్‌మని.” వినీల తల వంచుకుంది. “మెల్లగా ఎవరు వేస్తారనుకున్నాను.”

“లోపలున్నదాన్ని చూసి భయపడేవాళ్లు వేస్తారు” అంది సుసన్న. ఆ మాట అంటూ ఉయ్యాల గది తలుపు వైపు చూసింది. వినీల ఇంట్లో పాప గది తలుపును రోజూ ఎంత మెల్లగా వేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

దిద్దుబాటు చిన్నదే. తీయడాలూ వేయడాలూ లెక్కపెట్టడం మానేసి, ఫ్యాను వేళకు తలుపు స్విచ్చునే అడగాలి: ఇప్పుడు మూసి ఉన్నావా? క్షణం ఆగి మరోసారి అడగాలి. రెండుసార్లూ ఒకటే చెబితే నమ్మాలి. వినీల పది నిమిషాల్లో రాసింది. సుసన్న కొండయ్యను పిలిచి కుర్చీ వేసింది.

“ఇక మీ పని మొదలండీ. ఇరవైసార్లు. మీకు చేతనైనంత మెల్లగా. ఇంత మెల్లగా తలుపు వేసే టెస్టరు నాకు విజయవాడలో కూడా దొరకడు.”

కొండయ్య తువ్వాలు నడుముకు బిగించి లేచాడు. తప్పు చేసిన మనిషి మొహం పోయి, పని ఉన్న మనిషి మొహం వచ్చింది. పదిహేడోసారికి చెమటలు కారుతున్నా ఆపనన్నాడు. ఇరవైసార్లూ అయ్యాయి. ఫ్యాను ఒక్కసారీ తప్పలేదు. ఇక నుంచి ఫ్యాను తిరిగే వేళకే ఆయన తలుపు తీసి, రెండు కాయలు చూసి, వేసేలా ఒప్పందం కుదిరింది. దొంగతనంగా చూడడం కంటే వేళ పెట్టి చూడడం నయమని సుసన్న చెబితే సంఘంలో ఎవరూ కాదనలేదు.

అప్పుడు గుర్తొచ్చింది వినీలకు. “పాప!”

పరుగెత్తింది. రెండున్నర నుంచి అటు వెళ్లనే లేదు. గంటన్నర. ఉయ్యాలలో షాలోమి మేలుకునే ఉంది. కాలి బొటనవేలు రెండు చేతులతో పట్టుకుని దానితో ఏదో మాట్లాడుతోంది. తల్లిని చూసి నవ్వింది. అంత పొడుగు నిద్ర ఆ పిల్ల నెల రోజుల్లో పోలేదు.

సాయంత్రం రోడ్డు మీద నూజివీడు ఆటో ఆగింది. సుసన్న ఎక్కబోతూ పాప బుగ్గ తట్టి, వినీలతో రెండు మాటలు చెప్పింది. ఇంతలో డ్రైవరు తొందరపెట్టాడు.

* * *

శనివారం గది తెరిచారు. తలుపు తీయగానే షెడ్డంతా వాసన. కొండయ్య మొదటి పండు కోసి, ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నములుతూ నిలబడ్డాడు. బసవమ్మ “బాగుందా లేదా చెప్పి చావండి” అనేదాకా అలాగే ఉన్నాడు. కార్బైడ్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రెండో పండు వినీల చేతిలో పెట్టి, “ఇది పాపకి. భయపడకుండా పెట్టు” అన్నాడు. షాలోమి మొదటి చెంచాకు మొహం చిట్లించింది. రెండో చెంచాకు చెంచానే పట్టుకుంది.

అదేరోజు మధ్యాహ్నం ఇంట్లో పాప పడుకుంది. వినీల హాల్లో ఉంది. పది నిమిషాలు గడిచాయి. అలవాటుగా కాళ్లు లేచాయి. గది తలుపు పిడి మీద చెయ్యి పడింది, చప్పుడు కాకుండా, వెంట్రుకవాసిగా తోయడానికి. ఆ చెయ్యి అక్కడే ఆగింది. లోపలనుంచి ఏడుపు లేదు, దగ్గు లేదు. పాలవేళ ఇంకా కాలేదు. పిల్ల లేస్తే ఊరుకునే పిల్ల కాదు, వీధి చివరిదాకా వినిపిస్తుంది. వినీల చెయ్యి తీసేసి, వెనక్కి వచ్చి, చాప పరిచి పడుకుంది. ఇప్పుడు రోజూ అంతే చేస్తోంది.

ఆటో ఎక్కబోతూ సుసన్నక్క చెప్పింది అదే: “ఎప్పుడు లేవాలో ముందే అనుకో అమ్మా. ఆ తర్వాత వదిలెయ్. నడవాల్సినదాన్ని నడవనియ్యి. నువ్వు పడుకో.”